స్టోర్లు నా పేరున, ప్లాన్ ఆయన కంపెనీది: ఈ లెక్క ఎలా కలిసింది?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఉంటాం. మా వారికి ఐటీ కన్సల్టింగ్ కంపెనీ ఉంది, వంద శాతం ఆయన పేరు మీదే. అందులో 2018 నుంచి 401కె (ఉద్యోగుల రిటైర్మెంట్ పొదుపు) ప్లాన్ నడుస్తోంది. నేనూ ఆ కంపెనీ పేరోల్‌లోనే ఉండి హెచ్ఆర్ పని చూస్తాను. 2023 జులైలో రెండు గ్యాస్ స్టేషన్ స్టోర్లు కొన్నాం, ఆ ఎల్ఎల్‌సీ మొత్తం నా పేరున ఉంది. ఒక స్టోర్‌కి మా తమ్ముడే మేనేజర్. సప్లయర్లతో మాట్లాడటం, లెక్కలు చూడటం మా వారు చేస్తారు. ఇప్పుడు ప్లాన్ లెక్కలు చూసే టీపీఏ వాళ్లు 2025కి కవరేజ్ టెస్ట్ (ప్లాన్ ఎంతమందికి అందుతోందన్న పరీక్ష) ఫెయిలైందని రిపోర్టు పంపారు. అదీ, స్టోర్ వాళ్ల జీతాల వివరాలూ దీంతో పంపుతున్నాను. స్టోర్ వాళ్లని కలపకపోవడం వల్లేనట. నా స్టోర్‌కీ ఆయన ప్లాన్‌కీ ఏం సంబంధం? మేమిద్దరం వేసుకున్న డబ్బు వెనక్కి తీసేసుకుంటే సరిపోదా? హైదరాబాద్ ఆఫీసులో ఉన్న 25 మందిని కూడా కలుపుతారా? ప్రతి జనవరిలో టీపీఏ పంపే ప్రశ్నపత్రంలో "మీకు గానీ మీ భార్యకి గానీ వేరే వ్యాపారం ఉందా" అన్న చోట మా వారు "లేదు" అనే టిక్కు పెడుతున్నారు. దానివల్ల ఏమైనా అవుతుందా?
– ఒక పాఠకురాలు, టెక్సస్

సమాధానం: మీరు చివర్లో అడిగారు గానీ, కథంతా ఆ టిక్కులోనే ఉంది. మీ వారు అబద్ధం రాశారని నేననుకోను. ఆయన దృష్టిలో స్టోర్లు మీవి, కంపెనీ తనది. ఇంట్లో అలా అనుకోవడంలో తప్పేం లేదు. రిటైర్మెంట్ ప్లాన్ల చట్టం మాత్రం ఇంటిని అలా రెండు వాటాలు చేసి చూడదు.

భార్యాభర్తల్లో ఒకరి పేరున ఉన్న వ్యాపారాన్ని రెండోవారికీ ఉన్నట్టే లెక్కగట్టడం ఇక్కడ మామూలు నియమం. దానికో మినహాయింపు ఉంది. రెండోవారికి ఆ వ్యాపారంలో నేరుగా వాటా ఉండకూడదు. అందులో ఉద్యోగం గానీ డైరెక్టర్ పదవి గానీ ఉండకూడదు. నడపడంలో వేలు పెట్టకూడదు. ఇంకో రెండు షరతులున్నాయి గానీ మీ విషయంలో అంతదూరం వెళ్లక్కర్లేదు, ఎందుకంటే మీరు ఆయన కంపెనీ పేరోల్‌లో ఉన్నారు. ఆ ఒక్కదానితో ఆయన వాటా మీ ఖాతాలో పడింది, రెండు వ్యాపారాలూ వంద శాతం మీవైపోయాయి. అటునుంచి చూసినా అంతే, సప్లయర్లతో మాట్లాడేది ఆయనేనని మీరే రాశారు. ఇలా ఒకే చేతి కింద ఉన్న వ్యాపారాలన్నిటినీ ప్లాన్ టెస్టుల కోసం ఒకే యజమానిగా చూస్తారు.

టెక్సస్ కమ్యూనిటీ ప్రాపర్టీ రాష్ట్రం కాబట్టి కలిపేశారని మీకెవరైనా చెప్తే మాత్రం నమ్మకండి. ఒకప్పుడు ఆ భయం నిజంగానే ఉండేది. 2022 డిసెంబర్‌లో వచ్చిన సెక్యూర్ 2.0 చట్టం 2024 నుంచి మొదలయ్యే ప్లాన్ సంవత్సరాలకి ఆ కారణాన్ని తీసేసింది. మీ వ్యాపారాలు కలిసింది మీరిద్దరూ రెండు చోట్లా పని చేస్తున్నందుకు.

మరి 2023, 2024లో ఎవరూ ఎందుకు అడగలేదంటారా? వ్యాపారం కొన్న సంవత్సరం, దాని తర్వాతి ప్లాన్ సంవత్సరం చివరి వరకు చట్టం గడువిస్తుంది. కొనకముందు ప్లాన్ టెస్టు పాసయి ఉండాలి, ఆ మధ్యలో ప్లాన్‌లో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు, అంతే. 2023 జులైలో కొన్నారు కాబట్టి 2024 డిసెంబర్ 31 దాకా ఆ గొడుగు కింద ఉన్నారు. 2025 జనవరి 1న గొడుగు ముడిచేశారు. మీకు తెలియకపోవడానికి కారణం మళ్లీ ఆ టిక్కే.

ఇక టెస్టు సంగతి. ఉద్యోగుల్ని రెండు గుంపులు చేస్తారు. యజమానులు, ముందు సంవత్సరం పెద్ద జీతం తీసుకున్నవాళ్లు ఒక గుంపు. 2025 లెక్కకి 2024లో 1,55,000 డాలర్లు దాటినవాళ్లన్నమాట. మిగతావాళ్లందరూ రెండో గుంపు. మీ జీతం ఎంతైనా మీరు మొదటి గుంపే. 5 శాతానికి మించి వాటా ఉన్న యజమానికి భార్య, భర్త, పిల్లలు, మనవలు, తల్లిదండ్రులు అయితే చాలు, పెద్ద గుంపులో కూర్చోబెడతారు. ఆ జాబితాలో తోబుట్టువులు లేరు. కాబట్టి మీ తమ్ముడు రెండో గుంపే. మన బంధుత్వాలతో చూస్తే ఇది వింతగానే ఉంటుంది గానీ మీకు పనికొచ్చే వింత, కింద చెప్తాను.

పెద్ద గుంపులో ఎంత శాతానికి ప్లాన్ అందుతోందో, రెండో గుంపులో కనీసం దానిలో 70 శాతం మేర అందాలి. మీ రిపోర్టు ప్రకారం పెద్ద గుంపులో నలుగురు, నలుగురికీ ప్లాన్ ఉంది. రెండో గుంపులో కంపెనీవాళ్లు 16 మంది, స్టోర్లవాళ్లు 14 మంది, మొత్తం 30. ప్లాన్ ఉన్నది 16 మందికే. అంటే 53.3 శాతం. 70కి చేరాలంటే 21 మంది కావాలి, ఐదుగురు తక్కువ.

ఇక్కడొక దారి ఉంటుంది, సగటు ప్రయోజనాల టెస్టు. స్టోర్ల విభాగాన్ని పక్కన పెట్టడం సబబైన వర్గీకరణ అనిపించుకుని, 53.3 శాతం ఆ టెస్టు అడిగే కనీసానికి పైనే ఉంది కాబట్టి, మీరు దాని మొదటి సగం దాటతారు. రెండో సగంలో దొరికిపోతారు. పెద్ద గుంపు జీతంలో సగటున 9 శాతం వాళ్ల ఖాతాల్లో చేరింది, సొంతంగా వేసింది 6, మ్యాచ్ (దానికి కంపెనీ జతచేసింది) 3. కంపెనీలోని 16 మంది సగటు 7 శాతం. కానీ ఆ 7ని స్టోర్లలో సున్నా ఉన్న 14 మందితో కలిపి పంచితే 3.73కి పడిపోతుంది. 9లో అది 41.5 శాతం. ఇక్కడా కావాల్సింది 70. టీపీఏ ఈ లెక్క సరిగ్గానే వేశారు.

అయినా ఎవరెవర్ని లెక్కపెట్టారో ఒకసారి పేరు పేరునా చూడండి. ఇదే నేను మీకు ముందు చెప్పే పని. 21 ఏళ్లు నిండనివాళ్లని, ఏడాదిలో 1,000 గంటల సర్వీసు పూర్తి కానివాళ్లని, ప్లాన్‌లో చేరే తేదీ ఇంకా రానివాళ్లని పక్కన పెట్టొచ్చు. గ్యాస్ స్టేషన్లలో మనుషులు ఎంత త్వరగా మారిపోతారో మీకు నేను చెప్పాలా? 14 మందిలో నిజంగా లెక్కలోకి వచ్చేవాళ్లు ఆరుగురే అని తేలితే 22లో 16, అంటే 72.7 శాతం, టెస్టు పాసైనట్టే. ఏడుగురని తేలితే 69.6, ఫెయిలు. ఒక్క మనిషి గంటల లెక్క దగ్గర ఇంత నడుస్తుంది కాబట్టి డిసెంబర్ 31 నాటి పేరోల్ జాబితా ముందు పెట్టుకుని లెక్కపెట్టడం కుదరదు. ఏడాది మధ్యలో మానేసినవాళ్లు కూడా, అర్హత దాటి ఉంటే, లెక్కలోకి వస్తారు. క్యాష్ కిందో 1099 (కాంట్రాక్టర్లకిచ్చే పన్ను ఫారం) మీదో పనిచేయిస్తున్నవాళ్లెవరైనా ఉంటే వాళ్ల సంగతి ఇంకా కష్టం. షిఫ్టు మీరు వేసి, గల్లాపెట్టె దగ్గర మీరు నిలబెట్టిన మనిషిని కాంట్రాక్టర్ అంటే చట్టం ఒప్పుకోదు. వాళ్లనీ జాబితాలో రాసి టీపీఏకి చూపించండి.

హైదరాబాద్‌వాళ్ల గురించి బెంగ వద్దు. ఆ ప్రైవేట్ లిమిటెడ్ మీ గ్రూపులోదే అయినా, అమెరికా రెసిడెంట్లు కాకుండా, ఇక్కడి నుంచి ఆదాయం లేకుండా పనిచేసేవాళ్లని టెస్టులో వదిలేయొచ్చు. 25 మందీ అలా బయటికి పోతారు. కానీ అక్కడినుంచి ఎవరైనా ఎల్-1 (కంపెనీ లోపలి బదిలీ వీసా) మీద ఇక్కడికొచ్చి జీతం తీసుకుంటుంటే కథ మారుతుంది. వాళ్లు లెక్కలోకి రావడమే కాదు, మాదాపూర్‌లో చేసిన సర్వీసు కూడా ప్లాన్ అర్హతకి కలిసొస్తుంది. నిన్ననే విమానం దిగిన మనిషి రేపటికే అర్హుడు కావచ్చు. హెచ్-1బి వాళ్లని వీసా మీద ఉన్నారన్న ఒక్క కారణంతో లెక్కలోంచి తీసేయడం కుదరదు. మన కన్సల్టెన్సీల్లో ఈ అపోహ చాలా చోట్ల చూశాను.

డబ్బు వెనక్కి తీసుకోవడం గురించి అడిగారు. ఈ మాట మీకు ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. ఏడీపీ టెస్టని ఇంకొకటి ఉంది (జీతాలు వేసే కంపెనీ పేరు కాదు, టెస్టు పేరే అది). అందులో ఫెయిలైతే పెద్ద గుంపువాళ్లకి కొంత డబ్బు వెనక్కి ఇచ్చి సరిచేస్తారు, మార్చి 15 లోపు ఇస్తే జరిమానా పన్ను కూడా ఉండదు. అది ఎవరెంత వేసుకున్నారన్న టెస్టు. మీరు ఫెయిలైనది ఎవరిని పిలిచారన్న టెస్టు. మనం పెళ్లిలో రెండు లడ్డూలు తక్కువ తిన్నంత మాత్రాన పిలవనివాళ్లని పిలిచినట్టు అవదు కదా. అలాగే "మాది సేఫ్ హార్బర్ ప్లాన్, టెస్టులు లేవు" అని ధీమాగా ఉండేవాళ్లూ ఉన్నారు. సేఫ్ హార్బర్ (ఉద్యోగులకి చట్టం చెప్పినంత కంపెనీ వేసే పద్ధతి) ఏడీపీ నుంచి తప్పిస్తుంది, కవరేజ్ నుంచి తప్పించదు.

అయితే సరిచేయడం ఎలా? ప్లాన్ సంవత్సరం ముగిసిన తర్వాత పదో నెల 15వ తేదీ లోపు, మీకైతే 2026 అక్టోబర్ 15 లోపు, వెనక్కి వర్తించేలా ప్లాన్‌ని సవరించి అదనంగా కొంతమందిని 2025కి లోపలికి తీసుకోవచ్చు. సవరణ మీద సంతకం, డబ్బు జమ రెండూ ఆ తేదీ లోపే అయిపోవాలి. లోపలికి తెచ్చేది రెండో గుంపువాళ్లనే.

వాళ్లకి ఎంత ఇవ్వాలన్నది రూల్స్‌లోనే రాసుంది. పోయిన ఏడాది జీతంలోంచి ఇప్పుడు కోసుకోవడం కుదరదు కాబట్టి కంపెనీయే వాళ్ల తరఫున వేయాలి. కంపెనీలో ఉన్న 16 మంది సగటున జీతంలో 4.2 శాతం వేసుకున్నారు, మ్యాచ్ సగటున 2.8 వచ్చింది. కొత్తగా తెచ్చే ప్రతి ఒక్కరికీ 2025 జీతంలో ఆ 4.2, ఆ 2.8 రెండూ కలిపి 7 శాతం వేయాలి. దీన్నే టీపీఏలు క్యూనెక్ అంటారు. వేసిన రోజునుంచే అది పూర్తిగా ఉద్యోగిది, తర్వాత మానేసినా తీసుకునేందుకు లేదు.

మీ పెద్ద స్టోర్‌లో మీ తమ్ముడితో కలిపి ఎనిమిది మంది, రెండోదాంట్లో ఆరుగురు. మీ తమ్ముడి జీతం 60,000, మిగతావాళ్లది తలా 30,000 అని రాశారు. రెండో స్టోర్‌ని తెస్తే ఖర్చు 12,600 డాలర్లు, శాతం 30లో 22, అంటే 73.3. పెద్ద స్టోర్‌ని తెస్తే 18,900, శాతం 80. రెండూ తెస్తే 31,500.

చవకదే చాలు కదా అని మీ వారు అంటారు. నేనైతే ఒప్పుకోను. 73.3 చూడ్డానికి బానే ఉంది గానీ, రేపు ఎవరో ఇద్దరు లెక్కలో తప్పిపోయారని తేలితే 32లో 22 అవుతుంది, అంటే 68.75, మళ్లీ ఫెయిల్. అప్పటికి అక్టోబర్ దాటిపోయి ఉంటుంది. పెద్ద స్టోర్‌ని తెస్తే నలుగురు తప్పిపోయినా 34లో 24, అంటే 70.6తో నిలబడుతుంది. తేడా 6,300 డాలర్లు. మీ పేరోల్ రికార్డులు ఎంత శుభ్రంగా ఉన్నాయో మీకే తెలుసు, దాన్ని బట్టి తేల్చుకోండి. గల్లంతు రికార్డులైతే పెద్ద స్టోరే మేలు. మీ తమ్ముడు చట్టం లెక్కలో చుట్టం కాదు కాబట్టి అతన్ని లోపలికి తేవడానికి అడ్డు లేదు. ఇందాక వింత అన్నది ఇదే. కానీ "తమ్ముడు, ఇంకో నలుగురు" అని పేర్లు ఏరి కాగితం రాయించకండి. అంకెల్లో 70కి చేరినా ఆ కాగితం చూడ్డానికి బాగోదు, మిగతా తొమ్మిదిమందికి మీరు జవాబు చెప్పుకోలేరు. "ఫలానా చోట ఉన్న స్టోర్ ఉద్యోగులు" అని రాయించండి.

దీనికన్నా ముందు ప్లాన్ డాక్యుమెంట్ తీసి, ఫెయిల్-సేఫ్ అన్న మాట ఎక్కడైనా ఉందేమో చూడమనండి. కొన్ని డాక్యుమెంట్లలో టెస్టు ఫెయిలైతే ఎవర్ని ఏ వరుసలో లోపలికి తేవాలో ముందే రాసి ఉంటుంది. అలా ఉంటే ఏరుకునే అవకాశం మీకుండదు, రాసినట్టే చేయాలి. ఇంకొకటి, మీ ఎల్ఎల్‌సీ కూడా ప్లాన్‌లో పాల్గొనే యజమానిగా సంతకం చేయాలి. స్టోర్ ఉద్యోగుల జీతం ఆ ఎల్ఎల్‌సీది, ప్లాన్ ఇంకో కంపెనీది అయినప్పుడు ఈ కాగితం లేకుండా డబ్బు వేస్తే ఒక తప్పు దిద్దబోయి రెండోది చేసినట్టే.

అక్టోబర్ 15 దాటిపోతే? తలుపు పూర్తిగా మూయరు గానీ సన్నబడుతుంది. ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) దగ్గర వీసీపీ అని స్వచ్ఛందంగా తప్పు ఒప్పుకుని సరిచేసుకునే పద్ధతి ఉంది. ఫీజు కట్టి, ఫారం 8950తో ఆన్‌లైన్లో దరఖాస్తు పెట్టాలి. అది లాయరు చేతిలో పెట్టే పని. ఐఆర్ఎస్ ఆడిట్ నోటీసు ముందే వచ్చేస్తే ఆ దారి కూడా ఉండదు, అప్పుడు వాళ్లతో కూర్చుని జరిమానా మాట్లాడుకోవడమే. ఏమీ చేయకుండా ఊరుకుంటే దెబ్బ తగిలేది స్టోర్ వాళ్లకి కాదు. కవరేజ్ ఒక్కదానివల్ల ప్లాన్‌కి ఉన్న పన్ను రాయితీ అర్హత పోతే, పెద్ద గుంపువాళ్ల ఖాతాల్లో వాళ్ల సొంతమైన సొమ్ము వాళ్ల ఆదాయంలో కలుస్తుంది. మిగతా ఉద్యోగుల జోలికి ఆ పన్ను పోదు. అంటే మీరిద్దరూ 2018 నుంచి కూడబెట్టింది మీ నెత్తి మీదకి వస్తుంది. 18,900 ఎక్కువ అనిపించినప్పుడు ఆ ఖాతా స్టేట్‌మెంట్ ఒకసారి తీసి చూసుకోండి.

ఇదంతా 2025 గొడవ. 2026 ఇప్పుడు నడుస్తున్న సంవత్సరం, దీన్ని మాత్రం వచ్చే ఏడాదికి మోయకండి. 401కెలో డబ్బు వేసినవాడే లెక్కలోకి వస్తాడని అందరూ అనుకుంటారు. కాదు. వేయడానికి అర్హత ఉంటే చాలు, ఒక్క డాలరూ వేయకపోయినా ప్లాన్ అందినట్టే. మ్యాచ్ కూడా అంతే, వేస్తే మ్యాచ్ వచ్చేలా ఉంటే చాలు. పిలుపు అందిందా అన్నదే ప్రశ్న, బంతిలో కూర్చున్నారా అన్నది కాదు. అందుకే 2025లో మీకు వేల డాలర్లు అవుతున్న పని ముందే చేసి ఉంటే ఒక సవరణ కాగితంతో పోయేది. ఇప్పుడైనా ఈ ఏడాది మిగిలిన నెలలకి స్టోర్ వాళ్లని లోపలికి తెచ్చేయండి. ఏడాదిలో ఎప్పుడు అర్హులైనా ఆ ఏడాది లెక్కలో పడతారు.

దానికీ ఒక ఖరీదుంది, దాచను. స్టోర్ వాళ్లు 14 మందీ వచ్చి ఎవరూ ఏమీ వేయలేదనుకోండి, రెండో గుంపు సగటు 4.2 నుంచి 2.24కి దిగుతుంది. అప్పుడు ఏడీపీ టెస్టులో పెద్ద గుంపు సగటు 4.24 దాటకూడదు. మీది 6. తేడా మీకు వెనక్కి వస్తుంది, పన్ను కట్టుకోవాలి. అది నచ్చకపోతే సేఫ్ హార్బర్‌కి మారే సంగతి టీపీఏతో మాట్లాడండి. అర్హులందరికీ జీతంలో 3 శాతం వేస్తే ఏడీపీ బాధ పోతుంది. స్టోర్లలో ఆ 3 శాతం ఎంతవుతుందో, మీరిద్దరూ పూర్తిగా వేసుకోవడం వల్ల ఆదా అయ్యే పన్ను ఎంతో పక్కపక్కన పెట్టి చూస్తేగానీ తేలదు. మీ జీతాలు నాకు రాయలేదు కాబట్టి ఆ లెక్క మీకే వదిలేస్తున్నాను.

"నేను కంపెనీ పేరోల్‌లోంచి తప్పుకుని, ఆయన స్టోర్ల వైపు చూడటం మానేస్తే రెండూ విడిపోతాయి కదా" అని మీకు తోచే ఉంటుంది. కాగితం మీద నిజమే, మిగతా షరతులూ కుదిరితే. కానీ అది ఏడాది పొడవునా నిజంగా జరగాలి. రాత్రి పదింటికి బీర్ కూలర్ పాడైందని ఫోనొస్తే ఆయన ఎత్తకుండా ఉంటారా?

ఈ వారంలో టీపీఏకి మూడు రాయండి. వ్యాపారాల యాజమాన్యం, ఎవరెక్కడ పని చేస్తారన్నది ఉన్నదున్నట్టు ఒక పేజీలో. రెండు స్టోర్లలో 2025లో పనిచేసిన అందరి పుట్టిన తేదీ, చేరిన తేదీ, మానేసిన తేదీ, గంటలు, జీతం. 2026 అక్టోబర్ 15 లోపు సవరణ సిద్ధం కావాలంటే వాళ్లకి ఎప్పటికి ఏమేం కావాలన్న ప్రశ్న. పాత ప్రశ్నపత్రాల్లో టిక్కు తప్పు పడిందని కూడా మీరే చెప్పేయండి. వాళ్లు ఇలాంటివి చాలా చూసి ఉంటారు. వచ్చే జనవరి ప్రశ్నపత్రం మాత్రం మీ వారికి ఇవ్వకుండా మీరే నింపండి.